పెళుసు ఎముకల బిడ్డ ఉన్న కుటుంబానికి ఏ ఆసరా ఎప్పుడు: గోదావరి డెల్టా వారికి ఒక పోలిక

పెళుసు ఎముకల వ్యాధి, అంటే వైద్యులు ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అని రాసే జబ్బు, సుమారు 15,000 నుంచి 20,000 జననాల్లో ఒకరికి వస్తుంది. ఈ లెక్కన కోనసీమలో గానీ, భీమవరం, నరసాపురం వైపు గానీ ఒక్కో మండలంలో ఇలాంటి బిడ్డ ఉన్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. జ్వరానికో కామెర్లకో ఇరుగుపొరుగు చెప్పే మాట ఎంతో కొంత పనికొస్తుంది. ఈ జబ్బు విషయంలో మాత్రం ప్రేమకొద్దీ చెప్పిన సలహాయే బిడ్డకు హాని చేసే ప్రమాదం ఉంది. అందుకే కుటుంబం ముందున్న దారులను పక్కపక్కన పెట్టి, ఏది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికన్నా ముందు రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. ఎముక విరిగిన రాత్రి ఎక్కడికి వెళ్ళాలన్నది ఒక ప్రశ్న. ఎముక విరగని మిగతా రోజులన్నీ బిడ్డ ఎవరి పర్యవేక్షణలో ఉండాలన్నది వేరే ప్రశ్న. చాలా కుటుంబాలు మొదటి ప్రశ్నకు దొరికిన జవాబునే రెండోదానికీ సరిపెట్టుకుంటాయి. విరిగినప్పుడల్లా కట్టు వేయించుకుని, మళ్ళీ విరిగేదాకా ఏ వైద్యుణ్ణీ కలవకుండా ఉండిపోతాయి. తప్పించుకోగలిగిన నష్టంలో ఎక్కువ భాగం ఆ మధ్యకాలంలోనే జరుగుతుందని నా నమ్మకం. దగ్గరలో ఒక వైద్యుడు, దూరమైనా సరే ఈ జబ్బు బాగా తెలిసిన వైద్యుడు మరొకరు ఉండాలి. ఇద్దరి మధ్యా బిడ్డ ఫైలు తిరుగుతూ ఉండాలి. ఈ వ్యాసంలోని ఎంపికలన్నీ ఆ ఏర్పాటు మీదే ఆధారపడి ఉంటాయి.

జబ్బు స్వభావం కొంత తెలిస్తేనే పోలిక అర్థమవుతుంది. ఎముకలో కాల్షియం శ్లాబులో సిమెంటు వంటిదైతే, కొలాజెన్ అనే మాంసకృత్తు లోపలి ఇనుము వంటిది. ఈ వ్యాధిలో చాలామందికి టైప్ 1 కొలాజెన్‌ను తయారుచేసే జన్యువుల్లో లోపం ఉంటుంది. అంటే ఇనుమే బలహీనంగా ఉందన్నమాట. అందుచేత పాలు, రాగిజావ, కాల్షియం మాత్రలు ఎన్ని ఇచ్చినా వాటితోనే జబ్బు తగ్గదు. అవి లోటు రాకుండా చూడటానికి మాత్రమే. 1979లో డేవిడ్ సిలెన్స్ బృందం దీన్ని నాలుగు రకాలుగా విభజించింది. మొదటి రకం తేలికైనది, రెండోది పురిట్లోనే ప్రాణాంతకమైనది, మూడోది ఎముకలను బాగా వంచేసే తీవ్రమైన రకం, నాలుగోది మధ్యస్థం. తరువాత మరెన్నో జన్యు కారణాలు బయటపడినా, వైద్యులు ఈ పేర్లతోనే మాట్లాడుతున్నారు. మీ బిడ్డది ఏ రకమో తెలుసుకోవాలి, ఎందుకంటే మొదటి రకం బిడ్డకు సరిపోయే నిర్ణయం మూడో రకం బిడ్డకు సరిపోదు.

విరిగిన రోజు: నాటు కట్టా, దగ్గరి డాక్టరా, పెద్దాసుపత్రా

ఊళ్ళో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికో, పుత్తూరు కట్టుకో తీసుకెళ్దామనే మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వస్తుంది. అలా అనుకోవడానికి కారణాలు లేకపోలేదు. ఖర్చు తక్కువ, ఆసుపత్రి పేరు చెబితేనే ఏడ్చే పిల్లవాడు అక్కడ అంతగా భయపడడు, పైగా కట్టిన ఎముక అతుక్కుంటుంది కూడా. ఈ చివరి కారణాన్నే జాగ్రత్తగా పరిశీలించాలి. పెళుసు ఎముకల వ్యాధిలో విరిగిన ఎముక చాలావరకు మామూలు పిల్లల ఎముక అతుక్కునే వేగంతోనే అతుక్కుంటుంది. కాబట్టి అతుక్కోవడం కట్టు మంచిదనడానికి రుజువు కాదు, ఏ కోణంలో అతుక్కుందన్నదే చూడవలసింది. వంకరగా అతుక్కున్న తొడ ఎముక మీద బరువు పడినప్పుడు ఆ వంపు దగ్గరే ఒత్తిడి ఎక్కువై మళ్ళీ విరుగుతుంది, అలా విరిగినందువల్ల వంపు ఇంకా పెరుగుతుంది. ఎక్స్‌రే లేకుండా చేత్తో లాగి సరిచేయబోతే అప్పటిదాకా బాగున్న పక్క ఎముక కూడా విరిగే ప్రమాదం ఉంది. కట్టు బిగువైతే రక్తం ఆడదు. ఈ కారణాల వల్ల, ఆ వైద్యం చేసేవారి మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, ఈ ఒక్క జబ్బుకు అది సరైన దారి కాదని గట్టిగా చెబుతాను.

ఇక దగ్గర పట్టణంలోని ఎముకల డాక్టరు. అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, తణుకు, భీమవరం వంటి చోట్ల ఎక్స్‌రే తీసి కట్టు వేయగల వైద్యులు ఉన్నారు. ఎక్కువ విరుగుళ్ళకు వారే చాలు, అయితే వారికి మీరు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. కట్టు వీలైనంత తేలికగా ఉండాలని, వీలైనంత తక్కువ రోజులు ఉంచాలని అడగండి. బరువైన సిమెంటు కట్టుకన్నా ఫైబర్‌గ్లాస్ కట్టు ఖరీదైనదే గానీ తేలిక. అసలే ఈ పిల్లల్లో చాలామందికి చెమట ఎక్కువ పడుతుంది కనుక, రోహిణి కార్తె ఎండల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. తక్కువ రోజులని అడగడానికి అసలు కారణం వేరే ఉంది. కదలకుండా ఉంచిన ఎముక పలచబడుతుంది, పలచబడిన ఎముక కట్టు తీసిన కొద్ది రోజులకే మళ్ళీ విరుగుతుంది. ఈ చక్రంలో చిక్కుకుని నడవగలిగే పిల్లలు కూడా మంచాన పడిపోతారు. అందుకే కట్టు తీసిన మర్నాటి నుంచి ఏ కదలికలు మొదలుపెట్టాలో కట్టు వేసిన రోజే అడిగి రాయించుకోవాలి.

పెద్దాసుపత్రికి నేరుగా వెళ్ళవలసిన సందర్భాలు కొన్నే ఉన్నాయి: తొడ ఎముక విరిగి పక్కకు జరిగినప్పుడు, ఎముకను తిన్నగా నిలపడానికి లోపల ముందే వేసిన లోహపు రాడ్ వంగినప్పుడు లేదా బయటికి పొడుచుకొచ్చినప్పుడు, చర్మం చిరిగినప్పుడు, తలకో మెడకో వెన్నుకో దెబ్బ తగిలినప్పుడు, చేతివేళ్ళు కాలివేళ్ళు చల్లబడి మొద్దుబారినప్పుడు. అటువంటప్పుడు కూడా కదలకుండా కట్టిన తరువాతే బయలుదేరాలి.

ఆ తాత్కాలిక కట్టు ఇంట్లోవారికి రావాలి. దినపత్రికలు రెండు మూడు కలిపి మందంగా మడిచి, మెత్తని నూలు తువ్వాలులో చుట్టండి. విరిగిందనుకుంటున్న చోటుకు పైకీలు, కిందికీలు రెండూ దాని మీద ఆనేలా, కాలు ఏ తీరులో ఉంటే ఆ తీరులోనే దాన్ని పక్కన చేర్చండి. కాలును తిన్నగా లాగవద్దు. పాత చున్నీని పట్టీలుగా చించి, విరిగిన చోటును వదిలి, పైన రెండు కిందా రెండు ముళ్ళు వదులుగా వేయండి. ముడి కింద మీ చిటికెన వేలు దూరాలి, బిడ్డ బొటనవేలి గోరు నొక్కి వదిలితే వెంటనే ఎర్రబడాలి. ఆ తరువాత బిడ్డను ఎత్తుకోకుండా, బొంతతో సహా ఇద్దరు పట్టుకుని బండిలోకి చేర్చాలి. కాలవ గట్టు రోడ్ల గతుకుల్లో ఆటోకన్నా కారు మేలు, కారుకన్నా పడుకోబెట్టి తీసుకెళ్ళే 108 అంబులెన్సు మేలు. సఖినేటిపల్లి రేవులోనో కోటిపల్లిలోనో పంటు ఎక్కి దాటవలసిన ఊళ్ళవారు, రాత్రివేళ పంటు లేకపోతే ఏ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలో, ఎంతసేపు పడుతుందో ముందే తెలుసుకుని ఉండాలి.

విరగని రోజులు: కాకినాడ, హైదరాబాదు, వేలూరు

కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైనది. పిల్లల విభాగం, ఎముకల విభాగం రెండూ అక్కడ ఉన్నాయి, ఖర్చు అతి తక్కువ, డెల్టాలో ఎక్కడి నుంచైనా పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. అయితే బోధనాసుపత్రుల్లో చూసే వైద్యులు మారుతూ ఉంటారు, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవలసి రావచ్చు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో జన్యు వైద్య విభాగం ఉంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థతో కలిసి అది అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రం. ఈ గుర్తింపు ఎందుకు ముఖ్యమో డబ్బు సంగతి దగ్గర చెబుతాను. వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో జన్యు విభాగం, పిల్లల ఎముకల శస్త్రచికిత్స, హార్మోన్ల విభాగం, బాగాయంలో పునరావాస కేంద్రం అన్నీ ఒకే సంస్థ కింద ఉన్నాయి. తెలుగువారు ఎంతోమంది వెళ్ళే ఊరు కనుక భాష ఇబ్బంది కూడా తక్కువ. కానీ అక్కడ గది అద్దె, తిండి, రోజుల తరబడి కూలి పోవడం, ఇవన్నీ చికిత్స ఖర్చుకు అదనం. రాజమండ్రిలో గౌతమి రైలు ఎక్కితే హైదరాబాదు, శేషాద్రి ఎక్కితే వేలూరు పక్కనున్న కాట్పాడి చేరవచ్చు. కాబట్టి ప్రయాణం కన్నా అక్కడ ఉండవలసిన రోజుల లెక్కే ఎంపికను నిర్ణయిస్తుంది.

తేలికైన మొదటి రకం బిడ్డకు, ఏడాదికి ఒకటి రెండు విరుగుళ్ళకు మించకపోతే, ఒకసారి పెద్ద కేంద్రంలో నిర్ధారణ చేయించుకుని ప్రణాళిక రాయించుకుని, ఆ పైన కాకినాడలోనో దగ్గరి వైద్యుడి దగ్గరో కొనసాగించడం సరిపోతుంది. మూడో రకం, నాలుగో రకం బిడ్డలకు అలా కుదరదు. ఏడాదికి ఒక్కసారైనా ఈ జబ్బును తరచుగా చూసే బృందానికి చూపించాలి. వెన్నుపూసల ఎక్స్‌రే, వెన్ను వంకర, పళ్ళు, వినికిడి, ఊపిరితిత్తుల తీరు ఆ ఒక్క ప్రయాణంలోనే చూపించుకోవాలి. ఏ ఆసుపత్రి అయినా సరే, వెళ్ళిన చోట మూడు ప్రశ్నలు అడగండి: ఈ జబ్బు ఉన్న పిల్లలు మీ దగ్గరికి క్రమంగా వస్తున్నారా, ఎముకల కోసం సెలైన్‌లో ఇచ్చే మందును మా ఊరి దగ్గర ఎక్కించుకునేలా రాసిస్తారా, శస్త్రచికిత్స తరువాత ఫిజియోథెరపీ ఎవరు చూస్తారు. ఈ మూడింటికీ సూటిగా జవాబు వచ్చిన చోటు, పేరు చిన్నదైనా, మంచిది.

మందులు: మూడు రకాల మధ్య తేడా

ఎముక కరిగిపోయే వేగాన్ని తగ్గించే బిస్‌ఫాస్ఫోనేట్లు ఈ జబ్బుకు ప్రధానంగా వాడుతున్న మందులు. 1998లో కెనడాలోని మాంట్రియల్ వైద్యులు వీటిలో ఒకటైన పామిడ్రోనేట్ ఫలితాలను ప్రచురించిన తరువాత వీటి వాడకం విస్తరించింది. పామిడ్రోనేట్‌ను సాధారణంగా వరసగా మూడు రోజులు, రోజుకు కొన్ని గంటల చొప్పున సెలైన్‌లో ఎక్కిస్తారు, రెండు నుంచి నాలుగు నెలలకొకసారి మళ్ళీ ఇస్తారు. జోలెడ్రోనేట్‌ను ఒక్క రోజులో, గంటలోపే ఎక్కించవచ్చు, సాధారణంగా ఆరు నెలలకొకసారి చాలు. బడి మానడం, కూలి మానడం, ప్రతిసారీ సూది కోసం నరం వెతకడం లెక్కలోకి తీసుకుంటే డెల్టా పల్లెల కుటుంబాలకు జోలెడ్రోనేటే అనువైనదని నా అభిప్రాయం. చంటిపిల్లల విషయంలో మాత్రం కొందరు వైద్యులు పామిడ్రోనేట్‌కే మొగ్గు చూపుతారు, అది వారి నిర్ణయానికే వదలాలి. రిసిడ్రోనేట్, అలెండ్రోనేట్ మాత్రలు మూడో దారి. తేలిక రకం ఉండి, నరం దొరకని పిల్లలకు ఇవి పనికొస్తాయి. అయితే పరగడుపున నిండు గ్లాసు నీళ్ళతో మింగి, అరగంట సేపు ఏమీ తినకుండా నిటారుగా కూర్చోగలగాలి. వెన్ను నొప్పితో కూర్చోలేని బిడ్డకు ఇవి తగవు.

మొదటి సెలైన్ తరువాత ఒకటి రెండు రోజుల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు రావడం మామూలే. రక్తంలో కాల్షియం పడిపోతే పెదవుల చుట్టూ తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం కనిపిస్తాయి. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే ముందుగా విటమిన్ డి, కాల్షియం, మూత్రపిండాల పరీక్షలు చేస్తారు. ఆ పరీక్షలు చూడకుండా సెలైన్ పెట్టబోతే ఆపి అడిగే హక్కు మీకుంది. పళ్ళ పని ఏదైనా ఉంటే మందుకు ముందే చేయించాలి.

ఈ మందులు చేయగలిగేది, చేయలేనిది రెండూ తెలియాలి. ఎముక సాంద్రత పెరగడం, నొక్కుకుపోయిన వెన్నుపూసలు కొంత ఆకారం పొందడం బాగా నిరూపణ అయిన ఫలితాలు. చాలామంది పిల్లల్లో నొప్పి తగ్గినట్టు తల్లిదండ్రులు చెబుతారు. కాళ్ళు చేతుల విరుగుళ్ళు ఎంత తగ్గుతాయన్న దానిపై అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు. వంగిన ఎముక మందుతో తిన్నగా కాదు. కాబట్టి మందు మొదలుపెట్టాక కూడా విరిగితే మందు పనిచేయలేదని మానేయడం తొందరపాటు అవుతుంది.

రాడ్లు

తొడ, కాలి ఎముకలు బాగా వంగినప్పుడు లేదా ఒకే చోట పదే పదే విరుగుతున్నప్పుడు, ఎముకను రెండు మూడు చోట్ల కోసి తిన్నగా పేర్చి లోపల రాడ్ వేస్తారు. ఈ పద్ధతిని సోఫీల్డ్, మిల్లర్ 1959లో వివరించారు. సాదా రాడ్ చవక, వేయడం సులువు, చాలా చోట్ల దొరుకుతుంది. కానీ బిడ్డ పెరిగేకొద్దీ ఎముక రాడ్‌ను దాటి పొడవవుతుంది, రాడ్ లేని కొస దగ్గర మళ్ళీ వంగుతుంది లేదా విరుగుతుంది. అప్పుడు మార్చక తప్పదు. ఫాసియర్ డువాల్ వంటి సాగే రాడ్ ఒకదానిలో ఒకటి జారే రెండు భాగాలతో ఎముకతో పాటు పొడవవుతుంది. ఖరీదు ఎక్కువ, వేయడానికి అనుభవం కావాలి, అదీ కొన్నిసార్లు జారిపోతుంది, వంగుతుంది. ఎదిగే వయసు ఇంకా చాలా ఉన్న బిడ్డకు, డబ్బు సమకూరితే, సాగే రాడే మేలు. ఎదుగుదల పూర్తికావచ్చిన వారికి సాదా రాడ్ చాలు. ప్లేట్లు, స్క్రూలు వేద్దామని ఎవరైనా అంటే మాత్రం రెండో అభిప్రాయం తీసుకోండి. ప్లేటు ఆగిన చోట ఒత్తిడి పోగై అక్కడే విరగడం ఈ జబ్బులో తెలిసిన విషయమే.

ఇంట్లో: లాల పోయడం, ఎత్తుకోవడం, నీళ్ళలో ఆడించడం

మన ఇళ్ళలో చంటిబిడ్డకు లాల పోయడం ఒక వేడుక. పెద్దావిడ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, మోకాళ్ళ మధ్య బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రాసి, చేతులు అటూ ఇటూ లాగి ముడిచి, కాళ్ళు పైకెత్తి, ఆముదం పట్టించి, చివర రెండు కాళ్ళూ పట్టుకుని తిప్పుతుంది. పెళుసు ఎముకల బిడ్డకు ఇందులో ప్రతి కదలికా ప్రమాదమే. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో మెత్తని తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు కొద్దిగా పోసి, బిడ్డను అందులో పడుకోబెట్టి చెంబుతో మెల్లగా పోయడం దీనికి బదులు. నలుగు పెట్టి రుద్దవద్దు. పెద్దావిడను నొప్పించకుండా, “అత్తయ్యగారూ, డాక్టరు చెయ్యి లాగవద్దన్నారండీ, మీరు పక్కన కూర్చుని నీళ్ళు అందించండి” అని ఆమెను కూడా పనిలో కలుపుకోవడమే మంచిది. ఆమె చేతి అనుభవం బిడ్డకు అవసరమే, లాగడం ఒక్కటే మానాలి.

ఎత్తుకునేటప్పుడు చంకల కింద చేతులు వేసి లేపవద్దు. ఒక అరచెయ్యి తల, భుజాల కింద, ఇంకొకటి పిరుదుల కింద వేళ్ళు చాపి పెట్టి ఒకేసారి లేపాలి. గుడ్డ మార్చేటప్పుడు పాదాలు పట్టుకుని కాళ్ళు పైకెత్తకుండా, పిరుదుల కింద చెయ్యి పెట్టి లేపాలి. చీర ఉయ్యాల బిడ్డను విల్లులా వంచుతుంది కనుక గట్టి పరుపు వేసిన చెక్క ఉయ్యాలే సరైనది. ఒకే పక్కకు పడుకోబెట్టకుండా మార్చుతూ ఉండాలి.

కొంచెం పెద్ద పిల్లలకు నీళ్ళలో ఆట అన్నిటికన్నా మంచి వ్యాయామం. నీళ్ళు ఒంటి బరువును మోస్తాయి కనుక విరిగే భయం తగ్గి కండరాలు పనిచేస్తాయి. చుట్టూ కాలవలూ చెరువులూ ఉన్న ప్రాంతం మనది, కానీ పాచి పట్టిన రేవు మెట్లు ఈ పిల్లలకు పనికిరావు. మెట్లు గరుకుగా ఉన్న ఈతకొలను గానీ, పెరట్లో నడుము లోతు వచ్చే సిమెంటు తొట్టి గానీ వాడాలి, పెద్దవారు ఒకరు చెయ్యందేంత దూరంలోనే ఉండాలి.

జన్యు పరీక్ష: ఎవరికి తప్పనిసరి

రోగ నిర్ధారణ ఎక్స్‌రేతో, కళ్ళలో తెల్లగుడ్డు నీలిరంగుతో, కుటుంబ చరిత్రతోనే స్పష్టంగా తేలితే, చికిత్స మొదలుపెట్టడానికి జన్యు పరీక్ష కోసం ఆగనక్కర్లేదు. రెండో బిడ్డను కనాలనుకునే దంపతులకు మాత్రం దాని విలువ చాలా ఎక్కువ. తల్లికో తండ్రికో జబ్బు ఉంటే ప్రతి కాన్పులోనూ సాధారణంగా 50 శాతం అవకాశం. ఇద్దరికీ లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పైతే, మళ్ళీ వచ్చే అవకాశం తక్కువే గానీ పూర్తిగా లేదని చెప్పలేము. ఇద్దరూ లోపాన్ని మోస్తూ జబ్బు లేకుండా ఉన్న రకంలో ప్రతి కాన్పుకూ 25 శాతం అవకాశం. మేనరికాలు ఎక్కువగా జరిగే మన జిల్లాల్లో ఈ మూడో రకాన్ని మరిచిపోకూడదు. ఇది ఎవరి తప్పూ కాదు. కోడలి వంశానికి అంటగట్టే మాటలు ఇంట్లో ఎవరు అన్నా, అక్కడే ఆపవలసిన బాధ్యత భర్తదీ, అత్తమామలదీ. పరీక్ష ఫలితం చేతిలో ఉంటేనే తరువాతి గర్భంలో మొదటి మూడు నెలల చివర పిండ పరీక్ష సాధ్యమవుతుంది. తేలిక రకాలు స్కానింగులో కనిపించవు.

డబ్బు, కాగితాలు

ఇక్కడ ఒకదానికి బదులు ఇంకొకటి ఎంచుకోవడం కాదు, ఏది దేనికి వర్తిస్తుందో తెలిసి అన్నీ వాడుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ, దాని జాబితాలో ఉన్న చికిత్సలకే వర్తిస్తుంది. విరుగుళ్ళ శస్త్రచికిత్సలకు ఆసరా అవుతుంది గానీ, ఆరు నెలలకొకసారి ఎక్కించే సెలైన్‌కూ, సాగే రాడ్ ఖరీదుకూ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది. అందులో ఈ జబ్బుకు బిస్‌ఫాస్ఫోనేట్ చికిత్స రెండో వర్గం కింద పేరుతో సహా ఉంది. 50 లక్షల రూపాయల వరకు సాయం చేసే వీలుంది, కానీ గుర్తింపు పొందిన కేంద్రంలో నమోదై అక్కడి నుంచే దరఖాస్తు వెళ్ళాలి. నిమ్స్‌లో ఒకసారి పేరు నమోదు చేయించమని నేను అందరికీ చెప్పడానికి ఇదే కారణం. నిరామయ బీమా గురించి కొందరు చెబుతారు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే కనుక ఈ జబ్బు ఒక్కటే ఉన్న బిడ్డకు రాదు.

వికలత్వ ధ్రువపత్రం విషయంలో ఆశాభంగాలు ఎక్కువ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఈ జబ్బు పేరు విడిగా లేదు. కదలికకు సంబంధించిన వైకల్యం కిందో, పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు మించకపోతే మరుగుజ్జుతనం కిందో లెక్కిస్తారు. ఎన్నిసార్లు విరిగిందన్నది లెక్కలోకి రాదు. కీళ్ళ కదలిక, కండరాల బలం, కాలి పొడవు తేడా, వంకర ఇవే కొలుస్తారు. అందుచేత ఈ కొలతలు వేసి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళ్ళేటప్పుడు వంకరలు కనిపించే ఎక్స్‌రేలు, నడవగలిగే దూరం గురించి వైద్యుడి చీటీ తీసుకెళ్ళాలి. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే పింఛనుకు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తోడు లేకుండా ప్రయాణించలేని వారికి రైల్లో స్లీపరు, మూడో ఏసీ తరగతుల్లో తోడుమనిషితో సహా 75 శాతం రాయితీ ఉంది. వేలూరు ప్రయాణాలకు ఇది చిన్న సాయం కాదు.

బడి

ఇంటి దగ్గర చదువుకన్నా బడే మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఈ జబ్బు తెలివితేటలను తాకదు. బెంగళూరులో ఉండే ధన్య రవి ఈ జబ్బుతోనే పుట్టి, చదువుకుని, దీని గురించి దేశమంతా అవగాహన కల్పిస్తూ 2018లో జాతీయ పురస్కారం అందుకున్నారు. 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గరి బడిలో ఉచిత విద్య చట్టబద్ధమైన హక్కు. బడివారిని అడగవలసినవి పెద్ద కోరికలు కావు: తరగతి కింది అంతస్తులో, కూర్చునే చోటు గుమ్మానికి దూరంగా గోడ పక్కన, గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందే బయటికి పంపడం, కూర్చుని వాడే మరుగుదొడ్డి, పుస్తకాలు రెండు సెట్లు. ఎముక విరిగి ఇంట్లో ఉండవలసిన వారాల్లో, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం ఉపాధ్యాయుల సాయం అడగవచ్చు. పెద్ద పరీక్షల్లో రాసిపెట్టే మనిషి, అదనపు సమయం కోసం ముందే దరఖాస్తు చేయాలి.

తోటి కుటుంబాలు, వరద రోజులు

సంఘాల్లో ఏది మంచిదని అడిగేవారికి నా జవాబు, దేన్నుంచి ఏమి కావాలో దాన్నిబట్టి అని. 1968లో ఏర్పడిన బ్రిటన్ బ్రిటిల్ బోన్ సొసైటీ, 1970లో ఏర్పడిన అమెరికా ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా ఫౌండేషన్ బిడ్డను పట్టుకునే తీరు మీద, మందుల మీద నమ్మదగిన సమాచారం ఇస్తాయి. అది ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో చదువుకున్నవారు కూర్చుని చదివి వినిపించాలి. మన దేశంలోని కుటుంబాల బృందాలు ఏ ఆసుపత్రిలో ఎవరు చూస్తున్నారో, ఏ కాగితం ఎలా కదులుతుందో చెబుతాయి. ఈ రెండూ చేయలేనిది ఒకటుంది: బిడ్డకు కట్టు వేయించి వచ్చిన రాత్రి తల్లిని కాసేపు పడుకోనివ్వడం. అందుకు ఊళ్ళోనే ఒకరిద్దరికి బిడ్డను ఎత్తడం నేర్పి ఉంచాలి, పిన్ని అయినా, పక్కింటి వదిన అయినా సరే.

లంక గ్రామాలవారికి చివరి ఎంపిక వరద నాటిది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. ఊరంతా రెండో హెచ్చరిక దాకా చూద్దామనుకున్నా, ఈ బిడ్డ ఉన్న ఇల్లు మొదటి హెచ్చరికకే కదిలి, గట్టు మీది ఊళ్ళో బంధువుల ఇంటికి చేరడం మేలు. రోడ్డు ఉండగా కారులో వెళ్ళడానికీ, నీళ్ళు ముంచెత్తాక నాటు పడవలోకి ఎక్కించడానికీ తేడా ఈ బిడ్డకు చాలా పెద్దది. ఒకవేళ పడవే గతి అయితే, చేతుల మీదుగా ఒకరి నుంచి ఒకరికి అందించకుండా, గట్టి పరుపు మీద పడుకోబెట్టి, పరుపు నాలుగు మూలలూ నలుగురు పట్టుకుని, పడవలో ఇద్దరు ముందే కూర్చున్నాక, వాళ్ళ ఒళ్ళోకి పరుపుతో సహా దించాలి.